ఒక్క రాత్రి సహచరుని హక్కు

మొదటి ఖుత్బా

సమస్త స్తుతులు, సకల కృతజ్ఞతలు అల్లాహ్‌కే చెందుతాయి. మనుషులను ఒకరికొకరు తోడుగా పుట్టించినవాడు ఆయనే. ఇంట ఉన్నా, బాట పట్టినా మనల్ని కనిపెట్టి ఉండేవాడు ఆయనే. ఆయన తప్ప మరో ఆరాధ్యుడు లేడని, ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) ఆయన దాసుడు, ప్రవక్త అని మేము సాక్ష్యమిస్తున్నాము. ఆ మహనీయునిపై, ఆయన కుటుంబంపై, సహచరులందరిపై అల్లాహ్ తన శాంతిని, శుభాలను కురిపించుగాక!

ధార్మిక సోదరులారా! అల్లాహ్ పట్ల భయభక్తులు కలిగి ఉండవలసిందిగా ముందు మాకు మేము, ఆ తరువాత మీకు ఉపదేశిస్తున్నాము. ఎక్కడ ఉన్నా అల్లాహ్‌కు భయపడుతూ ఉండమని దైవప్రవక్త (స) బోధించారు. ‘ఎక్కడ ఉన్నా’ అన్న ఆ మాటలో మన ఇల్లు ఉంది, మన పొలం ఉంది, మన మస్జిదు ఉంది. మనల్ని ఎరిగినవారెవరూ లేని పట్నంలోని అద్దె గది కూడా ఉంది. ఈనాటి మన ప్రసంగం ఆ గదిని గురించే.

మన ముప్కాల్ రహదారి పక్కన ఉన్న ఊరు. పసుపు తవ్వి, ఉడకబెట్టి, ఆరబోసి, నిజామాబాదు మార్కెట్ యార్డుకు చేర్చి, చేతికి నాలుగు డబ్బులు వచ్చాక మన హైదరాబాదు ప్రయాణాలు మొదలవుతాయి. ఒకరు బిడ్డ పెళ్లి బట్టల కోసం చార్మినార్ బజారుకు పోతారు. ఒకరు తండ్రిని నిమ్స్‌లో చూపించడానికో, తల్లిని ఎర్రమంజిల్ దాటి ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికి తీసుకుపోవడానికో బయలుదేరుతారు. ఒకరు గల్ఫ్ వీసా పనికి, వైద్య పరీక్షకు, విమానం ఎక్కే ముందు రాత్రి బసకు పోతారు. ఏ పని మీద పోయినా ముగ్గురో నలుగురో స్నేహితులు కలిసి ఒక లాడ్జిలో ఒకే గది తీసుకోవడం మనకు అలవాటు. కిరాయి తగ్గుతుంది, తోడు దొరుకుతుంది, కొత్త చోట ధైర్యంగా ఉంటుంది. ఇందులో దోషమేమీ లేదు. నివాస గృహాలు కాని, మనకు ఉపయోగపడే వసతి ఉన్న చోట్ల ప్రవేశించడంలో తప్పు లేదని అన్‌నూర్ సూరా 29వ వచనంలో అల్లాహ్ తెలియజేశాడు. బాటసారుల సరాయిలు ఇలాంటివేనని వ్యాఖ్యాతలు వివరించారు. నేటి లాడ్జి నాటి సరాయికి తమ్ముడు.

అయితే సోదరులారా, గదిలో అడుగుపెట్టడానికి అనుమతించిన ధర్మమే, ఆ గదిలో మన పక్కన పడుకునే మనిషికి మనపై హక్కులను కూడా నిర్ణయించింది. ఈ సంగతి మనలో చాలామంది తలచుకోరు. ఒక్క రాత్రే కదా, తెల్లవారితే ఎవరి దారి వారిదే కదా అనుకుంటారు.

దివ్య ఖుర్ఆన్‌లోని అన్‌నిసా సూరా 36వ వచనాన్ని ఒక్కసారి మననం చేయండి. అల్లాహ్ అక్కడ మొదట తన ఆరాధనను ఆజ్ఞాపించాడు. ఆ వెంటనే తల్లిదండ్రులు, బంధువులు, అనాథలు, నిరుపేదలు, బంధువైన పొరుగువాడు, పరాయి పొరుగువాడు అని వరుసగా చెబుతూ వచ్చి, ‘పక్కనున్న సహచరుడు’ అనే అర్థం వచ్చే మాటను చేర్చాడు. వీరందరితోనూ ఉత్తమంగా మెలగాలని ఆదేశించాడు. పక్కనున్న సహచరుడు ఎవరు? భార్య అని కొందరు పెద్దలు చెప్పారు. ప్రయాణంలో తోడుండేవాడని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) మొదలైనవారు వివరించారు. నిత్యం వెంట ఉండేవాడని మరికొందరు అన్నారు. గమనించండి, జీవితమంతా తోడుండే భార్యకు, ఒక ప్రయాణం పాటు తోడుండే మిత్రునికి ఒకే మాట సరిపోయింది! పక్కన ఉన్నది ఎంత కాలమన్న లెక్క లేదు. పక్కన ఉండటమే ఒక బంధం. ఆ వచనం చివర అల్లాహ్ గర్వించేవారిని, గొప్పలు చెప్పుకునేవారిని ఇష్టపడడని హెచ్చరించాడు. ఒకే గదిలో నలుగురు ఉన్నప్పుడు కలహానికి మొదటి కారణం ‘నా సౌకర్యం ముందు’ అనే ఆ గర్వమే.

పరిచయమున్న మనిషికీ తెలిసిన మనిషికీ భేదముంది. ఒక వ్యక్తి మరొకరి మంచితనానికి సాక్ష్యం చెప్పడానికి వచ్చినప్పుడు, నీవు అతనితో ప్రయాణం చేశావా, డబ్బు వ్యవహారం నడిపావా అని హజ్రత్ ఉమర్ (రజి) గారు ఆరా తీసిన వృత్తాంతం ప్రసిద్ధమైనదే. అరబీలో ‘సఫర్’ అనే మాటకు మూలంలో ముసుగు తొలగడమనే భావం ఉందని, ప్రయాణం మనిషి నైజాన్ని బయటపెడుతుంది గనుక దానికి ఆ పేరు వచ్చిందని పండితులు చెప్పారు. బజారులో పది సంవత్సరాలు సలాములు చెప్పుకున్నవారు కూడా ఒక గదిలో రెండు రాత్రులు గడిపితే గాని ఒకరికొకరు తెలియరు. అక్కడ మనిషి నిద్ర బయటపడుతుంది, కోపం బయటపడుతుంది, చేతి పిసినారితనం బయటపడుతుంది, ఫోనులో ఏం చూస్తాడో బయటపడుతుంది.

అందుచేత సహచరునికి సంబంధించి మూడు అమానతులు ఆ గదిలో మన చేతికి వస్తాయి. ఒకటి అతని నిద్ర. రెండు అతని వాటా. మూడు అతని గుట్టు. వీటిని ఒక్కొక్కటిగా పరిశీలిద్దాం.

మొదటిది నిద్ర. ప్రయాణం మనిషికి అన్నపానాలను, నిద్రను దూరం చేసే ఒక యాతన అని, పని తీరగానే ఇంటికి త్వరపడి చేరమని దైవప్రవక్త (స) చెప్పిన సంగతి బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలలో ఉంది. తెల్లవారక ముందే బస్సు ఎక్కి, ఆసుపత్రి వరుసలో పగలంతా నిలబడి వచ్చిన మనిషికి ఆ రాత్రి నిద్ర ఎంత విలువైనదో ఆలోచించండి. అతను కళ్లు మూసుకున్నాక ఫోనులో గట్టిగా మాట్లాడటం, ఒకదాని వెనుక ఒకటిగా వీడియోలు మోగించడం, దీపం వేసి ఉంచడం, అర్ధరాత్రి తలుపును దడాలున వేయడం, ఇవి చిన్న విషయాలుగా కనిపిస్తాయి. కాని అతని నుండి మనం తీసుకున్నది తిరిగి ఇవ్వలేనిది.

దైవప్రవక్త (స) వారి నడవడిని చూడండి. హజ్రత్ ఆయిషా (రజి) గారు ఉల్లేఖించినట్లు, ఒక రాత్రి ఆమె నిద్రించారని తలచి ఆయన మెల్లగా పై వస్త్రం తీసుకున్నారు, మెల్లగా చెప్పులు తొడుక్కున్నారు, మెల్లగా తలుపు తీసి, మెల్లగా మూసి బఖీ శ్మశానవాటికకు వెళ్లారు. సమస్త లోకాలకు కారుణ్యంగా పంపబడిన ప్రవక్త (స), నిద్రిస్తున్న ఒక మనిషి కోసం తన చెప్పుల చప్పుడును కూడా అదుపు చేసుకున్నారు. మరొక సందర్భంలో మస్జిదులో ఎతికాఫ్‌లో ఉండగా కొందరు బిగ్గరగా ఖుర్ఆన్ చదువుతుంటే, ఒకరి పారాయణం మరొకరికి ఇబ్బంది కలిగించరాదని ఆయన బోధించారు. దైవగ్రంథ పారాయణానికే ఈ హద్దు ఉంటే, మన ఫోను పాటలకు ఎంత హద్దు ఉండాలి?

ఫజర్ కోసం అలారం పెట్టుకోవడం మంచి పనే. అయితే నాలుగున్నరకు అలారం పెట్టి, తాను లేవకుండా గదిలో అందరినీ లేపేవారు ఉన్నారు. అలారం పెట్టినవాడు మొదటి మోతకే లేచి దానిని ఆపాలి. లేపమని అడిగిన మిత్రుణ్ణి మృదువుగా లేపాలి. గురక పెట్టే మిత్రుణ్ణి తెల్లవారి నలుగురిలో నవ్వులపాలు చేయరాదు. గురక అతని చేతిలో లేదు, నవ్వు మన చేతిలో ఉంది. ఉల్లి, వెల్లుల్లి పచ్చిగా తిన్న వాసనతో మస్జిదుకు రావద్దని ప్రవక్త (స) వారించారు. ఇతరులకు కలిగే బాధే అందుకు కారణం. కిటికీ మూసిన చిన్న గదిలో సిగరెట్టు కాల్చేవారు ఈ హదీసును తమకే వర్తింపజేసుకోవాలి.

నిద్రతోపాటు మర్యాద కూడా ఉంది. ఒక పురుషుడు మరొక పురుషుని మర్మాంగాలను చూడరాదని, ఇద్దరు ఒకే దుప్పటి కింద పడుకోరాదని సహీహ్ ముస్లింలోని హదీసు బోధిస్తుంది. స్నేహం ఎంత గాఢమైనదైనా ఈ నియమం మారదు. రెండు మంచాల గదిలో ముగ్గురు ఉంటే ఒకరికి నేల మీద వేరుగా పరుపు వేయించుకోండి. కనీసం ఎవరి దుప్పటి వారు తెచ్చుకోండి. అన్‌నూర్ సూరా 58వ వచనం ఫజరుకు ముందు, మధ్యాహ్న విశ్రాంతి వేళ, ఇషా తరువాత, ఈ మూడు సమయాలలో ఇంటి పిల్లలు, పనివారు సైతం అనుమతి అడిగి లోపలికి రావాలని నేర్పింది. తాళంచెవి మన చేతిలో ఉన్నంత మాత్రాన తలుపు తట్టకుండా లోపలికి పోయే హక్కు మనకు రాదు.

రెండవ అమానతు వాటా. ప్రతి శుక్రవారం మనం పారాయణం చేసే అల్ కహఫ్ సూరాలోని గుహవాసులను తలచుకోండి. ఆ యువకులు ఒకే చోట తలదాచుకున్నారు. మేల్కొన్నాక తమ వెండి నాణెంతో ఒకరిని పట్నానికి పంపారు, పరిశుద్ధమైన ఆహారమేదో చూసి తెమ్మన్నారు, మృదువుగా వ్యవహరించమన్నారు. డబ్బు అందరిది, వెళ్లినవాడు ఒక్కడు, ఆహారం అందరికీ. ప్రయాణ సహచరులు డబ్బు ఒక చోట చేర్చి ఖర్చు పెట్టుకోవచ్చని ధర్మవేత్తలు దీని నుండి గ్రహించారు. ఆ మూడు షరతులను మరువకండి. డబ్బు పట్టినవాడు నమ్మకస్థుడై ఉండాలి, తినేది హలాల్ అయి ఉండాలి, బజారులో మాట మృదువుగా ఉండాలి.

అష్అరీ తెగవారిని దైవప్రవక్త (స) ఎంతో మెచ్చుకున్నారు. ప్రయాణంలో గాని, ఊరిలో గాని ఆహారం తరిగిపోయినప్పుడు వారు తమ వద్ద ఉన్నదంతా ఒకే వస్త్రంలో పోసి, ఒకే కొలపాత్రతో సమానంగా పంచుకునేవారు. అలాంటివారు నావారు, నేను వారివాణ్ణి అన్న భావంతో ఆయన వారిని తనకు దగ్గర చేసుకున్నారు. ముగ్గురు ప్రయాణిస్తే ఒకరిని నాయకునిగా ఎన్నుకోమని కూడా ఆయన ఆదేశించారు. బయలుదేరే ముందే ఒకరిని అమీరుగా పెట్టుకుని, కిరాయి ఎంత, భోజనం ఎవరిది, ఆటో ఖర్చు ఎలా అన్నది నోటితో తేల్చుకుంటే సగం కలహాలు పుట్టవు. గది కిరాయి 1,600 రూపాయలు, మనుషులు నలుగురు అనుకుందాం. తలా 400. ఇది చిన్న లెక్క. కాని ‘తరువాత ఇస్తాలే’ అన్న ఆ 400 ఊరికి వచ్చాక ఎవరూ అడగరు, ఎవరూ ఇవ్వరు. అడగలేనివాని మనసులో మాత్రం అది మిగిలిపోతుంది. అతను మొగమాటానికి ఊరుకుంటే బాకీ తీరినట్లు కాదు. మరొక సంగతి. మన నలుగురిలో ఒకరు కూలి పనివాడై ఉండవచ్చు. మిగిలిన ముగ్గురు ఏసీ గది కావాలన్నప్పుడు అతను నోరు విప్పి కాదనలేడు. అలాంటి చోట కలిగినవారు తేడాను తామే భరించి, ఆ మాటను మళ్లీ ఎత్తకుండా ఉండటం మేలు. ఎత్తిపొడుపు దానఫలాన్ని తినివేస్తుందని అల్ బఖరా సూరా మనకు నేర్పింది.

ఖర్జూరాలు కలిసి తినేటప్పుడు సహచరుల అనుమతి లేకుండా రెండేసి చొప్పున తీసుకోవద్దని ప్రవక్త (స) వారించారు. ఖర్జూరం ఎంత? దాని వెల ఎంత? అయినా ఆ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో నేటికీ నిలిచి ఉంది. ఒకరు ముందుగా లేచి బకెట్ల కొద్దీ వేడినీళ్లు వాడేస్తే తరువాతి ముగ్గురికి చన్నీళ్లు మిగులుతాయి. ఒకరు తన ఫోను ఛార్జింగు తీయకపోతే మరొకరి ఫోను ఆసుపత్రిలో ఆగిపోతుంది. ఇవే మన కాలపు జంట ఖర్జూరాలు.

సహచరుని వాటా గురించి సహీహ్ ముస్లింలో ఒక మహత్తర వృత్తాంతం ఉంది. హజ్రత్ మిఖ్దాద్ (రజి), ఆయన ఇద్దరు మిత్రులు ఆకలితో కళ్లు, చెవులు పనిచేయని స్థితికి చేరారు. ఎవరూ ఆశ్రయం ఇవ్వలేని పరిస్థితిలో దైవప్రవక్త (స) వారిని తమ ఇంటికి తీసుకుపోయారు. అక్కడ మూడు మేకలు ఉన్నాయి. వాటి పాలు అందరూ పంచుకునేవారు. ముగ్గురూ తమ వాటా తాగి, ప్రవక్త (స) వారి వాటాను తీసి ఉంచేవారు. ఆయన రాత్రి వేళ వచ్చి, నిద్రిస్తున్నవాడు మేల్కొనకుండా, మెలకువగా ఉన్నవానికి వినిపించేటంత స్వరంతో సలాము చెప్పేవారు. సోదరులారా, ఒక గదిలో కలిసి ఉండేవారికి ఇంతకు మించిన పాఠం మరేముంది?

ఒక రాత్రి మిఖ్దాద్ (రజి) మనసులో షైతాను చేరాడు. ప్రవక్తకు అన్సారులు ఏదో ఒకటి పెడతారు, ఈ గుక్కెడు పాలు ఆయనకు అక్కరలేదని నమ్మబలికాడు. ఆయన ఆ వాటా తాగేశారు. పాలు కడుపులో పడగానే అదే షైతాను ఆయనను పశ్చాత్తాపంతో వేధించసాగాడు. మిత్రులిద్దరూ హాయిగా నిద్రపోయారు. ఆయనకు మాత్రం నిద్ర పట్టలేదు. ప్రవక్త (స) వచ్చారు, సలాము చెప్పారు, నమాజు చేశారు, పాత్ర తెరిచి చూశారు. ఖాళీ. ఆయన ముఖాన్ని ఆకాశం వైపు ఎత్తారు. ఇక నాకు శాపం తప్పదని మిఖ్దాద్ (రజి) వణికిపోయారు. కాని ఆ నోటి నుండి వచ్చింది శాపం కాదు. తనకు తినిపించేవానికి తినిపించమని, తనకు తాగించేవానికి తాగించమని ఆయన అల్లాహ్‌ను వేడుకున్నారు. ఆ మాట విని మిఖ్దాద్ (రజి) మేకల వద్దకు పోయి చూస్తే వాటి పొదుగులు మళ్లీ పాలతో నిండి ఉన్నాయి. నురగలు పొంగేటట్లు పిండి తెచ్చి ఇచ్చారు. ప్రవక్త (స) తాగారు, మిఖ్దాద్‌కూ ఇచ్చారు. జరిగినదంతా విన్నాక ఇది అల్లాహ్ కారుణ్యమేనని చెప్పి, ముందే తెలిపి ఉంటే నిద్రపోతున్న మన మిత్రులిద్దరినీ లేపి వారికి కూడా ఇందులో భాగం ఇచ్చేవారం కదా అన్నారు.

తన వాటా పోయినప్పుడు ఆయన ఎవరినీ నిందించలేదు. అదనంగా దొరికినప్పుడు నిద్రపోతున్నవారి వాటాను మరువలేదు. వాటా విషయంలో మనం నేర్వవలసినదంతా ఈ రెండు అంచుల మధ్యనే ఉంది.

వాటా అంటే మిత్రునిది మాత్రమే కాదు, గది యజమానిది కూడా ఉంది. ఇద్దరి పేరు మీద గది తీసుకుని, ఇద్దరి ఆధార్ కార్డులు చూపించి, చీకటి పడ్డాక మరో ఇద్దరిని మెట్ల మీదుగా లోపలికి తీసుకుపోవడం కొందరికి తెలివితేటలుగా తోస్తుంది. ఇది మోసం. ముస్లిములు తాము ఒప్పుకున్న షరతులకు కట్టుబడి ఉంటారన్నది ప్రవక్త (స) వారి బోధన. నలుగురమని చెప్పండి, అదనపు పరుపుకు ఎంతో అడిగి ఇవ్వండి. కిరాయి ఇచ్చాం కదా అని నీళ్లు, కరెంటు వృథా చేయడం, తువ్వాలు సంచిలో వేసుకురావడం, గదిని పెంటకుప్పగా వదిలి రావడం మనకు తగవు. ఆ గదిని ఊడ్చే పిల్లవాడు కూడా ఒక తల్లి బిడ్డే.

మూడవ అమానతు గుట్టు. ఒక మనిషి అటూ ఇటూ చూసి మాట చెబితే ఆ మాట అమానతు అవుతుందని హదీసులో ఉంది. ఒక గదిలో ఉన్నప్పుడు మిత్రుడు అటూ ఇటూ చూడకుండానే ఎన్నో సంగతులు మనకు తెలిసిపోతాయి. అతను ఏ మాత్రలు వేసుకుంటాడో తెలుస్తుంది. భార్యతో ఫోనులో పడిన గొడవ చెవిన పడుతుంది. అప్పులవాడు ఎన్నిసార్లు ఫోను చేశాడో తెలుస్తుంది. రాత్రి దుప్పటి కప్పుకుని అతను ఏడ్చిన సంగతి తెలుస్తుంది. ఇవన్నీ ఆ గది గోడల మధ్యనే సమాధి కావాలి. ఊరికి తిరిగి వచ్చి చాయ్ హోటల్లో కూర్చుని చెప్పుకునే కథలు కారాదు.

నేటి యువకులు ఒక విషయం ప్రత్యేకంగా వినాలి. నోరు తెరిచి నిద్రపోతున్న మిత్రుని ఫోటో, లుంగీతో ఉన్న మిత్రుని వీడియో తీసి వాట్సాప్ గుంపులో వేయడం పరిహాసమని మీరనుకుంటారు. అల్ హుజురాత్ సూరా 11, 12 వచనాలు పరిహాసాన్ని, ఆరాలు తీయడాన్ని, చాటున నిందించడాన్ని వారించాయి. ఆ ఒక్క వీడియో అతని సంబంధం కుదిరే ఇంటికి చేరవచ్చు, అతని బిడ్డల ఫోనుకు చేరవచ్చు. మీరు తుడిచివేసినా లోకం తుడవదు. తోటి ముస్లిం లోపాన్ని కప్పినవాని లోపాన్ని ప్రళయ దినాన అల్లాహ్ కప్పుతాడని ప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు. ఆ దినాన కప్పవలసిన లోపాలు మనలో ఎవరికి లేవు?

ముగ్గురు ఉన్న గదిలో ఇద్దరు గుసగుసలాడరాదు, అది మూడవవాని మనసును నొప్పిస్తుందని కూడా హదీసు చెబుతుంది. అల్ ముజాదలా సూరా 7వ వచనం మరో సత్యాన్ని తెలిపింది. ముగ్గురు రహస్యం మాట్లాడుకుంటే నాలుగవవాడుగా అల్లాహ్ ఉంటాడు. లాడ్జి రిజిస్టరులో రాసేది మన పేర్లు మాత్రమే. ఏ రిజిస్టరులోనూ రాయని సాక్షి ఆ గదిలో ఎల్లప్పుడూ ఉన్నాడు.

కొందరు అడుగుతారు: గుట్టు కాపాడటమంటే మిత్రుని పాపంలో పాలు పంచుకోవడమా? కాదు. మిత్రుడు గదికి మద్యం తెచ్చినా, మరో హరాంకు పిలిచినా, దుప్పటి కప్పినట్లు కప్పి మౌనంగా పక్కన కూర్చోవడం స్నేహం కాదు. అతనికి ఏకాంతంలో, మృదువుగా చెప్పాలి. వినకపోతే ఆ గది నుండి లేచిపోవాలి. పట్నంలో మస్జిదులు ఉన్నాయి, వేరే గదులు ఉన్నాయి. ఒక రాత్రి కిరాయి నష్టం పరలోక నష్టం కంటే చాలా తేలిక. లేచి వచ్చాక ఊరంతా చాటనక్కరలేదు. ఎవరి ప్రాణానికో, ధనానికో, మానానికో హాని ఉంటే మాత్రం దానిని ఆపగలవారికి చెప్పి తీరాలి. అక్కడ మౌనం అమానతు కాదు.

ఇక మరొక మాట. మనతో గది పంచుకునేవారందరూ మన ధర్మంవారే కారు. మంచి ధర కోసం మహారాష్ట్రలోని సాంగ్లీ దాకా పసుపు తీసుకుపోయిన మన ప్రాంతపు రైతులలో హిందువులు, ముస్లిములు కలిసే పోయారు. ఖుర్ఆన్ చెప్పిన పరాయి పొరుగువానిలో అన్యమతస్థుడు కూడా ఉన్నాడని వ్యాఖ్యాతలలో కొందరు వివరించారు. హజ్రత్ అబ్దుల్లాహ్ ఇబ్నె అమ్ర్ (రజి) ఇంట మేకను కోసినప్పుడు, మన యూదు పొరుగింటికి పంపారా అని ఆయన మొదట ఆరా తీశారు. కనుక అయ్యప్ప మాల వేసుకున్న మిత్రుడు మీ గదిలో ఉంటే మాంసాహారం గదిలోకి తేకండి, బయట తిని రండి. ఫజరుకు లేచినప్పుడు అతని కంట్లో వెలుగు పడకుండా నమాజు చేసుకోండి. మీ నమాజు వేళ అతను ఫోను మాట్లాడటం ఆపితే అది అతని సంస్కారం. దానికి కృతజ్ఞత తెలపండి. అతను ఇస్లాంను గ్రంథాలలో చదివి ఉండడు. ఆ రాత్రి మీలోనే చదువుతాడు.

సోదరులారా! ఈ ఒక్క రాత్రి గురించి ఇంతగా ఎందుకు చెబుతున్నామో మన ఊళ్లవారికి వివరించనక్కరలేదు. నిజామాబాదు, జగిత్యాల, నిర్మల్ ప్రాంతాల నుండి ఎన్నో వేలమంది గల్ఫ్ దేశాలకు పోయారు. హైదరాబాదు లాడ్జిలో ఒక రాత్రి నలుగురితో పడుకున్న మనవాడు, మరునాడు శంషాబాదులో విమానమెక్కి, దుబాయిలోనో సౌదీలోనో కూలీల క్యాంపు గదిలో ఏడెనిమిది మందితో ఏళ్ల తరబడి పడుకుంటాడు. అక్కడ తల్లి ఉండదు, తోబుట్టువు ఉండదు. జ్వరం వస్తే నుదుటి మీద తడిగుడ్డ వేసేది పై మంచం మీది మనిషే. జీతం ఆగితే రొట్టె పెట్టేది అతనే. అల్లాహ్ ఆజ్ఞ వచ్చి ఒకరు కన్నుమూస్తే, అతని పెట్టె సర్ది, బట్టలు మడిచి, బిడ్డల ఫోటోను భద్రంగా పెట్టి, ఇంటికి ఫోను చేసి చెప్పలేక చెప్పేది కూడా పక్క మంచంవాడే. పక్కనున్న సహచరుడు అన్న మాటకు అర్థం ఆ గదిలో పూర్తిగా తెలుస్తుంది.

హజ్ యాత్రకు పోయినవారిని అడగండి. మక్కాలో ఒక గదిలో నలుగురైదుగురు, మినా గుడారాలలో మరెందరో. పూర్వపు హైదరాబాదు సంస్థానపు యాత్రికుల కోసం మక్కాలో నిజాముల కాలంలో ఏర్పడిన రుబాతులలో నేటికీ మన ప్రాంతంవారు చీటీల పద్ధతిలో ఎంపికై ఉచితంగా బస చేస్తున్నారు. లక్షలు ఖర్చు పెట్టి, కాబా ముందు కన్నీరు కార్చి, గదికి తిరిగి వచ్చి బాత్రూము వంతు కోసం తోటి హాజీని తిట్టినవాడు ఏం తెచ్చుకున్నట్లు? హజ్‌లో జగడం కూడదని అల్ బఖరా సూరా 197వ వచనం స్పష్టంగా వారించింది.

మన ఇళ్లలో పసుపును పాలిష్ పట్టే డ్రమ్మును చూడండి. ఉడికి ఎండిన కొమ్ములు గరుకుగా, మట్టి రంగులో ఉంటాయి. డ్రమ్ము తిరుగుతుంటే ఒక కొమ్ము మరో కొమ్మును రాసుకుంటుంది. పై పొట్టు రాలుతుంది, లోపలి బంగారు రంగు బయటపడుతుంది. కలిసి ఉండే గది కూడా అలాంటిదే. ఒరిపిడి తప్పదు. ఓర్చుకున్నవానికి మెరుపు దక్కుతుంది.

ఈ మాటలు చెప్పి, మా కొరకు, మీ కొరకు, సమస్త ముస్లిముల కొరకు అల్లాహ్‌ను క్షమాభిక్ష వేడుకుంటున్నాము. మీరు కూడా వేడుకోండి. నిశ్చయంగా ఆయన క్షమించేవాడు, కరుణించేవాడు.

రెండవ ఖుత్బా

స్తుతులన్నీ అల్లాహ్‌కే. ఆయన ప్రవక్త ముహమ్మద్ (స) వారిపై, ఆయన అడుగుజాడలలో నడిచిన వారందరిపై శాంతి కలుగుగాక!

సోదరులారా! మీ తదుపరి ప్రయాణానికి కొన్ని మాటలు మూటగట్టుకోండి. బయలుదేరే ముందు ఒకరిని అమీరుగా పెట్టుకోండి, ఖర్చు ఒప్పందం చేసుకోండి. ముప్కాల్ నుండి హైదరాబాదు ప్రయాణపు నమాజుకు సరిపడే దూరమే. కనుక నాలుగు రకాతుల ఫర్జ్ నమాజులు రెండుగా చేయండి, ఫజర్, మగ్రిబ్ మాత్రం యథాతథం. స్థానిక ఇమాము వెనుక చేస్తే నాలుగూ పూర్తి చేయండి. పడుకునే ముందు పరుపును మూడుసార్లు దులపండి, దీపం ఆర్పండి. ఈ రెండూ ప్రవక్త (స) నేర్పిన పద్ధతులే. గది ఖాళీ చేసేటప్పుడు మిత్రునికి ఇవ్వవలసినది అక్కడే ఇచ్చేయండి. మనసు నొప్పించి ఉంటే అక్కడే క్షమాపణ అడగండి. బాకీని, మనస్పర్థను సంచిలో పెట్టుకుని ఊరికి తేకండి.

గుహలో ఇద్దరే ఉన్నప్పుడు, శత్రువు గుహ ముఖద్వారం దాకా వచ్చినప్పుడు, దైవప్రవక్త (స) తన సహచరునికి దుఃఖించవద్దని, అల్లాహ్ మనతో ఉన్నాడని ధైర్యం చెప్పారు. ఆ సహచరుడు హజ్రత్ అబూబకర్ (రజి). ఈ ఘట్టాన్ని అల్లాహ్ అత్‌తౌబా సూరా 40వ వచనంలో శాశ్వతం చేశాడు. ఒకే చోట తలదాచుకున్న ఇద్దరిలో ఒకరు మరొకరి భయాన్ని తగ్గించారు. మనం పంచుకునే ప్రతి గదిలోనూ ఎవరో ఒకరి గుండెలో ఏదో ఒక భయం ఉంటుంది. రేపటి వైద్య పరీక్ష ఫలితం ఏమవుతుందో, వీసా వస్తుందో రాదో, తండ్రి ఆపరేషను ఎలా జరుగుతుందో అన్న దిగులు ఉంటుంది. దీపం ఆర్పే ముందు అతనికి ఒక్క మంచి మాట చెప్పండి.

అల్లాహ్! మా ప్రయాణాలను క్షేమకరం చేయి. మా సహచరులకు మమ్మల్ని భారం కానీయకు. వారి నిద్రను, వారి వాటాను, వారి గుట్టును కాపాడే శక్తిని మాకు ప్రసాదించు. ఆసుపత్రులలో ఉన్న మా రోగులకు స్వస్థత చేకూర్చు, వారికి తోడుగా రాత్రంతా మేల్కొని ఉన్నవారికి ఓపికను ఇవ్వు. పరాయి దేశాలలో ఇరుకు గదులలో ఉంటున్న మా బిడ్డలను రక్షించు, వారికి మంచి సహచరులను ఇవ్వు, వారిని క్షేమంగా తల్లిదండ్రుల వద్దకు చేర్చు. మా రైతుల కష్టానికి బర్కత్ ఇవ్వు. మా ఊరిలోని అన్ని వర్గాల మధ్య సుహృద్భావాన్ని నిలిపి ఉంచు. ఎవరూ తోడు రాని సమాధి అనే ఆ గదిలో నీ కారుణ్యాన్ని మాకు తోడుగా పంపు. ఆమీన్, యా రబ్బల్ ఆలమీన్!